రెండో కాపలా

ఆ గొంతు పోయిన రోజు మంగళవారం. మనిషిని మట్టిలో పెట్టి అప్పటికి పదకొండు రోజులు. మనిషి పోయిన రోజు గురించి చెప్పడంకన్నా ఈ రోజు గురించి చెప్పడమే నాకు కష్టం. మొదటిదానిలో నా చెయ్యి లేదు.

వారం వారం చదువుతున్నవారికి తెలుసు, ఇవాళే ఈ పేజీ తిప్పినవారికోసం నాలుగు మాటలు చెబుతాను. నా భర్త ఎవేలియో హిబారా అనే మా సముద్రపు ఒడ్డు ఊళ్లో చుట్టల ఫ్యాక్టరీ చదువరి. చుట్టలు చుట్టేవాళ్ల చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. ఆ చెవుల కోసం ఒక మనిషి ఎత్తు బల్ల ఎక్కి కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదువుతాడు. అతను ఇరవై ఆరేళ్లు చదివాడు. బాగుందనిపిస్తే వాళ్లు చప్పట్లు కొట్టరు. ఆకు కోసే కత్తితో బల్ల మీద టకటక కొడతారు. జనవరిలో మంచం పట్టేనాటికి చదువుతున్న నవల సగంలో ఉంది. "సగంలో ఆపి పోతే దొంగతనం అవుతుంది" అన్నాడు. ల్యాప్‌టాప్ ముందు దిండ్లు ఆనుకుని కూర్చుని రోజుకో భాగం చదివి రికార్డు చేశాడు. పొద్దున్నే ఫ్యాక్టరీ నుంచి ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ తెచ్చి ఆనాటి భాగం ఎక్కించుకుని పోయేవారు. అక్కడ మైకులో వినిపించేవారు. మొత్తం ఇరవై నాలుగు భాగాలు. ఇరవై ఒకటోది మోగుతున్నప్పుడు ఎవేలియో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇరవై రెండోది మోగలేదు.

పది రోజులు వాళ్లు మైకుని మూగగా ఉంచారు. పదకొండో రోజు పొద్దున ఏడుగురు వచ్చారు, ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్లు పట్టుకుని. చివరి మూడు భాగాలూ తలా ఒక కాపీ దాచుకుంటామన్నారు. ముందు రోజు సాయంత్రమే నేను ఆ ల్యాప్‌టాప్‌లో, ఉన్నది చాలదన్నట్టు, ఇంకో యాంటీవైరస్ వేయించాను. వైరస్ ఉందేమో ముందు చూద్దామని ఏడు పెన్‌డ్రైవ్‌లూ పెట్టి తీశాను. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లో ఫోల్డరే లేదు. ల్యాప్‌టాప్ పాడైందని చెప్పి పంపించేశాను. ఫ్యాక్టరీలో మాత్రం, ముగింపు ఎవేలియో గొంతులో వినేదాకా కొత్త చదువరికి ఓటు వేయబోమని తీర్మానం చేసుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలు గడిచినా ఆ ఎత్తు బల్ల ఖాళీగానే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం నెరేయిదా సంచి భుజాన వేసుకుని మా గడప దాటింది. లోపల ఊగుడు కుర్చీలో ఒరెస్తెస్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. కిందటివారం అక్కడ ఆగాను.

"ఈయన్నెందుకు పిలిచారు టీచర్?" నెరేయిదా సంచి దించకుండానే అడిగింది.

"నేను పిలవలేదు. ఆదివారం కదా, వచ్చారు."

"మా చెల్లెమ్మ ఇంటికి రావడానికి నీ దగ్గర చీటీ తీసుకోవాలా?" ఒరెస్తెస్ కుర్చీ ఊపడం ఆపలేదు. "కూర్చో. కాఫీ తాగు. ఈ నెల రేషన్ కాఫీ పొడిలో కాఫీ కన్నా కలిపిన బఠాణీలే ఎక్కువున్నాయి, పప్పు తాగినట్టుంటుంది."

నెరేయిదా పదిహేనేళ్ల కింద నా దగ్గర భూగోళం చదివింది. ఉత్తరం ఎటో చెప్పలేక నిలబడేది. ఇప్పుడు ఊళ్లో ఎవరి కంప్యూటరు మొరాయించినా ఆమె కోసమే కబురు. ఒరెస్తెస్ ఒకప్పుడు బళ్లో రష్యన్ చెప్పేవాడు. ఆ భాషతో ఎవరికీ పని లేకపోయాక, వారం వారం హవానా నుంచి వచ్చే హార్డ్ డిస్కుని ఇంటింటికీ తిప్పుతున్నాడు. సినిమాలు, సీరియళ్లు, పాటలు, వాటి పక్కన ఓ మూల యాంటీవైరస్‌లు. మా ఇళ్లకి ఇంటర్నెట్ రాదు. ఒరెస్తెస్ వస్తాడు.

నెరేయిదా ల్యాప్‌టాప్ తెరిచింది. అది తెరుచుకోవడానికి పట్టినంతసేపూ ఆమె వేళ్లు బల్ల మీద వాయిస్తూనే ఉన్నాయి.

"ఇదెందుకింత నత్తలా ఉందో తెలుసా బాబాయ్? నీ వల్ల."

"తలుపుకి రెండో తాళం వేశాను. అది తప్పా?"

"తాళం కాదు, కుక్క. ఈ గుమ్మంలో ముందే ఒక కుక్క ఉంది, మిషనుతోపాటు వచ్చింది. నువ్వు తెచ్చి ఇంకోదాన్ని కట్టావు. దొంగ వచ్చేసరికి రెండూ ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటున్నాయి."

"ఉన్న కుక్క గుడ్డిది. మూడు నెలలుగా దానికి తిండి లేదు. కొత్త దొంగల మొహాలు దానికేం తెలుసు?"

"అయితే తిండి పెట్టాలి. ఇంకో కుక్కని తేకూడదు."

"ఎక్కణ్ణుంచి పెట్టమంటావు? పార్కులో చెట్టు కింద ఇంటర్నెట్ కార్డు గీకి, గంటసేపు ఎండలో కూర్చుని, మూడొంతులు దిగాక తెగిపోతే మళ్లీ మొదలుపెట్టమంటావా? మంచం మీది మనిషిని వదిలేసి వెళ్లమంటావా చెల్లెమ్మని?"

ఆ నెలల్లో నేను బడికి తప్ప ఎక్కడికీ, పార్కుకైనా, వెళ్లలేదన్న మాట నిజం.

నెరేయిదా గొంతు తగ్గించింది. "నువ్వు తెచ్చే డిస్కు ఊళ్లో ఎన్ని ఇళ్లు తిరుగుతుంది బాబాయ్?"

"నలభై. నలభై రెండు."

"నలభై రెండు ఇళ్లలో చెయ్యి కడుక్కోకుండా వడ్డించి, నలభై మూడో ఇంట్లో మందు ఇస్తావు."

"నా డిస్కు శుభ్రం!"

"అందరి డిస్కూ శుభ్రమే. జబ్బెప్పుడూ పక్కింటిదే."

ఇద్దరి మధ్యా కాఫీ కప్పులు పెట్టాను. బళ్లో పిల్లలు కొట్టుకున్నప్పుడు ఏం చేస్తానో అదే చేశాను. ప్రశ్న అడిగాను.

"ఇంతకీ నాలాంటి మనిషి ల్యాప్‌టాప్‌కి ఇంకో యాంటీవైరస్ కావాలా, వద్దా? ఒక్క మాట చెప్పు నెరేయిదా."

"వద్దు టీచర్. ఉన్నదానికి వారానికోసారి అప్‌డేట్ పడితే చాలు. అది పార్కు నుంచి వచ్చినా, బాబాయ్ డిస్కులో వచ్చినా సరే. ఊరంతా తిరిగిన పెన్‌డ్రైవ్‌లు పెట్టకుండా ఉంటే ఇంకా మేలు." ఆగింది. "కాని ఈ ఇంట్లో పెట్టకుండా ఎలా? రోజుకో పెన్‌డ్రైవ్ వచ్చేది. సార్ గొంతు అలాగే కదా బయటికి వెళ్లింది. అది వెళ్లిన తోవనే పురుగు లోపలికి వచ్చింది."

ఒరెస్తెస్ కుర్చీ ఆగింది. "అంటే, నేను వేసిందే ఫైళ్లు తినేసిందా? ఆ మాట సూటిగా అను. మూడు వారాలుగా నిద్ర లేదు నాకు. ఎవేలియో నాకు తమ్ముడి కింద లెక్క."

అతని మొహం చూశాక ఇంక దాచడం సభ్యత కాదనిపించింది.

"మీరు కాదు అన్నయ్యా, నేను," అన్నాను. "ఆ పొద్దున పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ తెర మీద ఎర్ర డబ్బా ఒకటి వచ్చింది. అందులో ఏదో జాబితా, కింద రెండు బొత్తాలు. నేను చదవలేదు. 'అన్నీ తీసెయ్యి' అన్నదాన్ని నొక్కాను. ఏడుసార్లు వచ్చింది, ఏడుసార్లూ నొక్కాను. ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే పిల్లల్ని నిలబెట్టేదాన్ని నేను."

వీధిలో ఎవరో పీతలు అమ్ముతూ పోతున్నారు. ఆ కేక మలుపు తిరిగేదాకా ముగ్గురం విన్నాం.

ఇంకో మాట కూడా ఉంది, అది వాళ్లకి చెప్పలేదు. ఆ పదకొండు రోజుల్లో నేను ఒక్క భాగమైనా వినలేదు. ఉన్నాయి కదా అనుకున్నాను. నిండుగా ఉన్న బియ్యం డబ్బా మూత ఎవరు తీసి చూస్తారు? ఇవాళ వద్దు, రేపు వింటాను అనుకుంటూ, అవి ఉన్న గదిలోనే పడుకున్నాను.

నెరేయిదా నావైపు చూడలేదు. చూడకపోవడమే ఆమె మంచితనం. తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి అందులో ఒక వరస ఏదో టైపు చేసింది.

"ఈ పురుగు దేన్నీ తినదు టీచర్. దాస్తుంది. ఒక ఫోల్డరు కనిపిస్తే దాన్ని కంటికి కనపడకుండా వెనక్కి నెట్టి, తను అదే పేరు పెట్టుకుని, అదే వేషం వేసుకుని ముందు కూర్చుంటుంది. మీరు దాని మీద నొక్కితే తనూ లేస్తుంది, వెనకున్న అసలుదాన్నీ తెరుస్తుంది. అందుకే సార్‌కి గాని మీకు గాని తెలియలేదు. బాబాయ్ వేసినది ఆ వేషగాణ్ణి పట్టుకుంది. మీరు తీసెయ్యమన్నారు, తీసేసింది. అసలుది వెనకాలే ఉండాలి."

"ఉండాలా, ఉందా?" అన్నాడు ఒరెస్తెస్.

ఆమె ఎంటర్ నొక్కింది.

ఫోల్డరు వచ్చింది. మసక రంగులో ఉంది, ఉతికి ఉతికి వెలిసిన బట్టలా. నెరేయిదా దాన్ని తెరిచింది. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఒరెస్తెస్ లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇరవై రెండోది పెట్టనా?" అడిగింది నెరేయిదా.

తల ఊపాను.

ముందు మంచం కిర్రుమంది. తర్వాత దగ్గు. ఆ దగ్గు ఫ్యాక్టరీలో వినిపించకూడదని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తెలుస్తోంది. తర్వాత, రోజూ ఎత్తు బల్ల మీద అన్నట్టే అన్నాడు. "మిత్రులారా, నిన్న ఎక్కడ ఆగాం?"

ఆ ప్రశ్న అడిగాక అతను ఎప్పుడూ ఆగేవాడు. రెండు వందల మంది ఎవరికి తోచినట్టు వాళ్లు అరిచి చెప్పేవారు. కావాలని తప్పు చెప్పేవాళ్లు కొందరు. గదిలో ఒంటరిగా రికార్డు చేసేటప్పుడు కూడా వాళ్లు అరవడానికి చోటు వదిలాడు. నాలుగు సెకన్లో, ఐదో. ఆ చోటులో మేం ముగ్గురం ఏమీ అనలేదు.

"ఆపు అమ్మాయ్," అన్నాను.

ఆపింది. ఒరెస్తెస్ కిటికీ దగ్గరికి వెళ్లి సముద్రం వైపు తిరిగి చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత అక్కణ్ణుంచే అన్నాడు. "చూశావా, నా కుక్క దొంగనే పట్టుకుంది."

"పట్టుకుంది. ఇల్లుగల ఆవిణ్ణి కూడా భయపెట్టి చంపింది," అంది నెరేయిదా. ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. "ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేస్తాను. రేపు ఫ్యాక్టరీలో వినిపించండి. ఈ రెండోదాన్ని పీకేసి, మొదటిదానికి అప్‌డేట్ పెడితే నా పని అయిపోతుంది."

అక్కడితో అయిపోవలసింది. ఆ సాయంత్రం నేను స్నానం చేసి, ఇరవై రెండోది మొదలుపెట్టి, భయం లేకుండా వినవలసింది.

పీకేముందు నెరేయిదా ఆ యాంటీవైరస్ తెరిచింది. "ఏమేం పట్టిందో రాసిపెట్టుకుంటుంది ఇది. పీకేస్తే ఆ జాబితా కూడా పోతుంది. ఒకసారి చూసి తీసేద్దాం. అసలువి ఇంకేమైనా దాగి ఉంటే తెలుస్తుంది."

జాబితా పొడుగ్గా ఉంది. ప్రతి వరసలో ఒక పేరు, ఎక్కడ పట్టుకున్నదీ, ఏ రోజు, ఎన్నింటికి. అన్నీ ఆ మంగళవారం పొద్దుటివే, ఏడు దాటి పన్నెండు నిమిషాల నుంచి. ఆమె వేలితో చూపిస్తూ చదువుతోంది. "ఎవేలియో భాగాలు, ఇది ల్యాప్‌టాప్‌లోది. డాన్సు పాటలు. పెళ్లి ఫోటోలు. మిగతావన్నీ ఆ పెన్‌డ్రైవ్‌ల మీదివి. వాటిలో ఉన్న ఫోల్డర్ల పేర్లే పురుగు పెట్టుకుంది. అమ్మాయి పదిహేనేళ్ల పుట్టినరోజు వేడుక. అమ్మమ్మ మందులు. జెనైదాకు…"

ఆగిపోయింది.

జెనైదా నా పేరు. మా ఊళ్లో ఆ పేరు ఇంకెవరికీ లేదు.

"ల్యాప్‌టాప్‌లోదా?" అన్నాను. నా గొంతు పాఠం చెప్పేటప్పటి గొంతులాగే ఉంది. అదెలాగో నాకు తెలియదు.

"కాదు. పెన్‌డ్రైవ్ మీద." ఆమె వేలు వరస చివరిదాకా వెళ్లింది. "ఏడూ నలభై ఒకటి. జాబితాలో ఇదే ఆఖరిది."

"పురుగు తనంతట తాను ఆ పేరు పెట్టుకోగలదా?"

"లేదు టీచర్. దానికి అంత తెలివి లేదు. ఉన్న పేరునే పెట్టుకుంటుంది. ఆ పెన్‌డ్రైవ్‌లో ఈ పేరుతో అసలు ఫోల్డరు ఒకటి ఉండి ఉండాలి. ఇప్పటికీ వెనకాల దాగే ఉండాలి. అది తమ దగ్గరున్నట్టు వాళ్లకి కూడా కనిపించదు."

ఒరెస్తెస్ దగ్గరికి వచ్చాడు. "పేరులో ఎవరి పేరైనా ఉండొచ్చు. అది పెట్టింది ఎవేలియోనే అని ఏముంది?"

"ఫ్యాక్టరీలో నన్ను జెనైదా అని ఎవరంటారు అన్నయ్యా? అందరూ టీచరే అంటారు."

అతను మళ్లీ ఊగుడు కుర్చీలో కూర్చున్నాడు.

ఎవేలియో నాకు ఉత్తరాలు రాసే మనిషి కాదు. రోజంతా అందరికీ మాటలు పంచి, ఇంటికి వచ్చి నోరు మూసుకుని కూర్చునేవాడు. దానికి నేను దెప్పేదాన్ని కూడా. చివరి వారాల్లో నన్ను బడికి పంపి, తలుపు వేసుకుని చదివేవాడు. నేను వచ్చేసరికి ఆనాటి భాగం అయిపోయేది. నవల కాక ఇంకేమైనా చదివాడేమో నాకు తెలియదు. అదేదో ఈ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఒకరి పెన్‌డ్రైవ్‌లో ఎందుకు పెట్టాడో, నాకు ఇమ్మని అతను ఎవరికి చెప్పాడో, ఆ మనిషి ఎందుకు ఇవ్వలేదో కూడా తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ పొద్దున ఎర్ర డబ్బాలో ఆ పేరు నా కళ్ల ముందుకి వచ్చింది. నేను చదవలేదు.

నెరేయిదా కుర్చీలో వెనక్కి వాలింది.

"టీచర్, నేనొక పని చేశాను." ఆమె గొంతు పదమూడేళ్ల పిల్ల గొంతులా అయిపోయింది. "శుక్రవారం చుట్టలు చుట్టే తెయోఫిలా అక్క పిలిస్తే ఫ్యాక్టరీకి వెళ్లాను. అందరి పెన్‌డ్రైవ్‌లకీ పురుగు పట్టిందని. ఒక రేకు పళ్లెంలో పోసి ఇచ్చారు. ఇందులో ఏమైనా కావలసినవి ఉన్నాయా అంటే, తెరిస్తే ఏం లేవమ్మా, ఖాళీ, తుడిచెయ్యి అన్నారు. వెనకాల ఏముందో చూడాల్సింది. చూడలేదు. పద్నాలుగు తుడిచేశాను."

"ఎవరెవరివి?" అన్నాడు ఒరెస్తెస్.

"పేర్లు రాయలేదు బాబాయ్. మిగిలినవి రేపు పొద్దున ఎనిమిదింటికి తెమ్మన్నాను."

"నలభై రెండు ఇళ్లు తిరిగే నన్ను అంటావు నువ్వు!" అని అరిచాడు. వెంటనే, ఆమె తల దించుకోవడం చూసి, గొంతు మార్చాడు. "సరే, ఏడవకు. తెయోఫిలా ఇంటికి నేను వెళ్తాను. ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్ల జేబులోనే ఉంచుకోమని, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని ఇవాళే చెప్పిస్తాను. చెల్లెమ్మా, ఆ ఏడుగురి పేర్లు కాగితం మీద రాసివ్వు. ఒక్కొక్కరి గుమ్మం ఎక్కుతాను."

అతను సైకిలు బయటికి తీస్తుంటే పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపాను. మొదట తెయోఫిలా, ఆ రోజు అందరికన్నా ముందు ఆవిడే వచ్చింది. తర్వాత కిటికీ పక్క బల్లల దగ్గర కూర్చునే అన్నదమ్ములిద్దరు. తర్వాత ఆకులు వేరు చేసే గదిలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు. తర్వాత పెట్టెలకి కాగితాలు అంటించే ముసలాయన. అతని పెన్‌డ్రైవ్ తీశాకే, చివరి మూడు భాగాలూ ఎక్కిద్దామని ల్యాప్‌టాప్‌లో ఫోల్డరు కోసం చూశాను. అది అక్కడ లేదు. ఆ కంగారులోనే ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టాను. బొత్తాం నొక్కాను. తీసి ఎవరికో ఇచ్చాను. ఆ పెన్‌డ్రైవ్ అందుకున్న చేతివేళ్లు గుర్తున్నాయి. గోళ్ల కింద పొగాకు మరక ఉంది. ఫ్యాక్టరీలో అందరి చేతులూ అలాగే ఉంటాయి.

"ఏమైంది?" గుమ్మంలోంచి ఒరెస్తెస్ అడిగాడు. "రాశావా?"

కాగితం అతని చేతికిచ్చాను. దాని మీద ఆరు పేర్లున్నాయి. ఏడూ నలభై ఒకటికి నా ముందు నిలబడిన మనిషి ఎవరో ఇంకా గుర్తు తెచ్చుకోవలసి ఉంది.